‘పోలీసులను చూసి పారిపోయాడు’ – ఈ ఒక్క వాక్యానికి ఎన్నేళ్ళ శిక్ష?



"పోలీసులను చూసి పారిపోతుండగా చుట్టుముట్టి పట్టుకున్నారు." ఈ వాక్యం మీరు ఎన్నిసార్లు చదివుంటారు? జిల్లా పేజీలో గంజాయి వార్తకి ఇదే వాక్యం, నాటుసారా వార్తకి ఇదే, కలప వార్తకీ ఇదే. దాని కిందే ఇంకోటి ఉంటుంది, చిన్నది: "మరికొందరు పరారీలో ఉన్నారు." మొదటిది దొరికినవాడి గురించి. రెండోది దొరకనివాడి గురించి. దొరికినవాడి కంటే దొరకనివాడికే ఇప్పుడు ఎక్కువ ప్రమాదం అని నా అభిప్రాయం. అదెందుకో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగు. సెక్షన్లు కూడా ఉంటాయి, తప్పదు. మన పిల్లల జీవితాలు ఆ నంబర్ల మీదే నడుస్తున్నాయి కాబట్టి మనమూ నేర్చుకోవాల్సిందే.

ముందు సూటిగా ఒక ప్రశ్న. పోలీసు కనబడితే పరిగెత్తడం నేరమా? మన ఊళ్ళల్లో ఎవర్ని అడిగినా "నేరమే కదా" అంటారు. కాదు. ఒట్టి పరుగు అనే నేరం భారతీయ న్యాయ సంహితలో ఎక్కడా లేదు. 2024 జూలై 1 దాకా నడిచిన ఐపీసీలోనూ లేదు. ఉన్నది వేరు. సెక్షన్ 262, పాత ఐపీసీలో 224. చట్టబద్ధమైన అరెస్టుని కావాలని ప్రతిఘటించినా, అడ్డుకున్నా, చట్టబద్ధమైన కస్టడీ నుంచి తప్పించుకున్నా, తప్పించుకోబోయినా రెండేళ్ళ దాకా జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ. దాని కింద ఒక వివరణ ఉంది, అది చాలామంది చదవరు. ఈ శిక్ష అసలు కేసులో పడే శిక్షకి అదనం. అంటే సారా కేసులో పడేది సారా కేసుకి, తప్పించుకున్నందుకు పడేది దాని మీద.

ఆ సెక్షన్లో "చట్టబద్ధమైన" అన్న మాట కింద గీత గీసి పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

సెక్షన్ 262 బెయిలబుల్. అది ఒక్కటే పెడితే జామీను ఇచ్చి ఇంటికి రావచ్చు. కానీ ఏజెన్సీలో అది ఒక్కటే పెట్టరు. చొక్కా పట్టుకుంటే కుర్రాడు విదిలించుకున్నాడు. అంతే, "విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద దౌర్జన్యం" అని సెక్షన్ 132 చేరుతుంది, పాత 353. దీనికీ గరిష్ఠం రెండేళ్ళే, కానీ ఇది నాన్‌బెయిలబుల్. స్టేషన్లో తెమిలిపోవాల్సింది జైలుకి పోయే కేసు అవుతుంది. ఆడవాళ్ళు జీపుకి అడ్డం నిలబడి "మావాణ్ణి ఎందుకు తీసుకెళ్తున్నారు, చెప్పి తీసుకెళ్ళండి" అని అడిగితే వాళ్ళ మీద 263. ఇంకొకరి అరెస్టుని అడ్డుకున్నారని. అక్కడ అసలు నేరం ఎంత పెద్దదైతే అడ్డుకున్నవాళ్ళ శిక్ష కూడా అంత పెరుగుతుంది, రెండేళ్ళతో మొదలై మూడు, ఏడు, ఇంకా పైకి. కొడుకు కోసం జీపుకి అడ్డం నిలబడిన తల్లికి ఈ లెక్క ఎవరు చెప్తారు?

ఇప్పుడు "చట్టబద్ధమైన" దగ్గరికి వద్దాం. అరెస్టు చట్టబద్ధం కావాలంటే ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఇది దయ కాదు, రాజ్యాంగం 22వ అధికరణం. 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ స్పష్టంగా చెప్పింది: కారణాలు అర్థమయ్యే భాషలో చెప్పాలి, చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదు. అర్థమయ్యే భాషలో! కువి మాట్లాడే మనిషికి, కోయ మాట్లాడే మనిషికి తెలుగులో గట్టిగా అరిస్తే అది అర్థమయ్యే భాషా? యూనిఫాం లేకుండా, బండి మీద నంబరు లేకుండా, తెల్లారుజామున ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని లాగితే, వాళ్ళు పోలీసులని ఆ ఇంట్లోవాళ్ళకి తెలిసేదెట్లా? అలాంటి చేతిలోంచి పరిగెత్తినవాడి మీద 262 నిలబడకూడదు. కానీ ఈ వాదన కోర్టులో ఎవరో ఒకరు పెట్టాలి. వాయిదాకి వచ్చిన లాయరు అసలు ఆ మనిషితో మాట్లాడితే కదా పెట్టేది.

అసలు మనవాళ్ళు ఎందుకు పరిగెత్తుతారు? మైదానం నుంచి వచ్చిన స్నేహితులు నన్ను ఇది అడుగుతుంటారు, "తప్పు చెయ్యకపోతే భయమెందుకు" అని. వాళ్ళకి నేను రెండు ఊళ్ళ పేర్లు చెప్తాను.

ఒకటి వాకపల్లి. 2007 ఆగస్టు 20. కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆడవాళ్ళు చెప్పారు. పదహారేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని కోర్టే అన్నది, బాధితులకి పరిహారం ఇవ్వాలని కూడా అన్నది. దర్యాప్తు చెడగొట్టిందెవరు, మరి?

రెండోది ఎడెస్‌మెట్ట. మన సరిహద్దు అవతల, బీజాపూర్ జిల్లా. 2013 మే 17 రాత్రి ఊరు ఊరంతా విత్తనాల పండుగకి చేరింది. మన్యంలో ఈ పండుగ తెలియనివాళ్ళు ఉండరు. భద్రతా బలగాలు కాల్పులు జరిపాయి. ఎనిమిది మంది ఊరివాళ్ళు చనిపోయారు, వాళ్ళలో పిల్లలున్నారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2022లో ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ముందుకి వచ్చింది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులు కాదని, బలగాలు కంగారులో కాల్చి ఉంటాయని దాని సారాంశం.

కంగారులో. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తుపాకీ ఉన్నవాడు కంగారుపడి కాలిస్తే దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక కమిషన్, ఒక జడ్జి, తొమ్మిదేళ్ళ సమయం. చేతిలో ఏమీ లేనివాడు కంగారుపడి పరిగెత్తితే అర్థం చేసుకోవడానికి ఒక్క ఎస్సై రాసిన ఒక్క వాక్యం చాలు.

చట్టంలోనే దీనికి మందు ఉంది, వాడరు. పారిపోవడం సాక్ష్యంగా పనికొస్తుందని సాక్ష్య చట్టం అంటుంది, పాత చట్టంలో సెక్షన్ 8, కొత్త సాక్ష్య అధినియంలో సెక్షన్ 6. పనికొస్తుంది అన్నది గానీ నేరం రుజువైపోయినట్టే అని అనలేదు. 1971లోనే మాత్రు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: పరారీ అయినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు, పెద్ద నేరంలో అనుమానం పడితే అమాయకుడు కూడా భయపడి తప్పించుకోవాలని చూస్తాడు, అది ప్రాణం కాపాడుకునే సహజ గుణం అని. యాభై ఏళ్ళు దాటింది. మన బెయిలు పిటిషన్లలో ఈ తీర్పు ఎన్నిసార్లు వాడారో మీ లాయర్ని అడగండి.

ఇక్కడ ఒక బయటి దేశం సంగతి చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు మనకంటే ఒక అడుగు ముందుకేశారు. అమెరికాలో పోలీసు ఆపమన్నా ఆపకుండా పోతే దానికే విడిగా శిక్ష వేసే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. నేరాలు ఎక్కువ జరిగే చోట పోలీసుని చూసి పరిగెత్తితే అనుమానించి ఆపవచ్చని వాళ్ళ సుప్రీంకోర్టు 2000లో అన్నది కూడా. కానీ 2016లో మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత కోర్టు వారెన్ కేసులో ఇంకో మాట రాసింది. బోస్టన్ పోలీసులు నల్లజాతివాళ్ళని ఎక్కువగా ఆపి సోదా చేస్తున్నట్టు లెక్కలే చెప్తున్నాయి, కాబట్టి ఒక నల్లజాతి మనిషి పరిగెత్తాడంటే తప్పు చేసి పరిగెత్తాడని మాత్రమే అనుకోకూడదు, ఆ అవమానం మళ్ళీ పడకూడదని పరిగెత్తి ఉండొచ్చు అని. మనిషి ఎవరు, ఊరు ఏది, ఆ ఊరికి పోలీసులతో ఉన్న చరిత్ర ఏమిటి అని ఆ కోర్టు చూసింది. ఏజెన్సీ కేసులు చూసే కోర్టులు కూడా వాకపల్లిని, ఎడెస్‌మెట్టని పక్కన పెట్టి మన పరుగుని చదవకూడదు. నేను అడిగేది ఇంతే.

మన దగ్గర చూసే చూపు వేరు. మనకి పుట్టుకతోనే పారిపోయే గుణం ఉంటుందని ప్రభుత్వ పుస్తకాల్లో రాసుకున్నారు. వెటకారం కాదు. పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో సంచార తెగలవాళ్ళకి తప్పించుకుపోయే సహజ స్వభావం ఉంటుంది కాబట్టి వాళ్ళకి రాత్రి కాపలా పని ఇవ్వొద్దని ఉండేది. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనల్ని కొట్టేసింది. 2024 దాకా బతికుంది ఆ వాక్యం! దాని వేరు 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో ఉంది. మన దగ్గర ఎరుకల, యానాది, సుగాలీ సోదరుల్ని ఆ చట్టం కిందే సెటిల్‌మెంట్లలో పెట్టారు, స్టూవర్టుపురం, కప్పరాళ్ళతిప్ప అట్లా పుట్టినవే. అనుమతి లేకుండా హద్దు దాటితే అదే నేరం. 1952లో ఆ చట్టం పోయింది, "అలవాటుపడ్డ నేరస్థుడు" అనే పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 43 చదవండి. ఎవరికి బేడీలు వెయ్యొచ్చు అన్న జాబితాలో మొదటివాడు అలవాటుపడ్డ నేరస్థుడే. అదే జాబితాలో కస్టడీ నుంచి తప్పించుకున్నవాడు ఉన్నాడు, మత్తుమందుల కేసు ఉంది. అంటే గంజాయి మూట మోసిన కూలీకి కూడా బేడీలు వెయ్యొచ్చు. బేడీలు మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లో చెప్పిన సంగతి ఆ సెక్షన్ చదివితే గుర్తు కూడా రాదు.

ఇక అసలు విషయం.

పాత చట్టంలో కోర్టు ఒకణ్ణి "ప్రకటిత నేరస్థుడు" అని, అంటే ప్రొక్లెయిమ్డ్ అఫెండర్ అని తేల్చాలంటే పందొమ్మిది ఐపీసీ సెక్షన్లకే వీలుండేది. హత్య, దోపిడీ, ఇల్లు తగలబెట్టడం లాంటివి. గంజాయి చట్టం ఆ జాబితాలో లేదు. కొత్త సంహిత సెక్షన్ 84 ఆ జాబితా తీసేసి, ఏ చట్టం కిందైనా సరే పదేళ్ళు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరం అయితే చాలు అన్నది. ఇప్పుడు లెక్క వేయండి. గంజాయి ఇరవై కిలోలు దాటితే అది కమర్షియల్ క్వాంటిటీ. దానికి పదేళ్ళకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ దాకా జైలు, కనీసం లక్ష జరిమానా. ఇరవై కిలోలంటే ఒక మనిషి భుజాన వేసుకుని గుట్ట ఎక్కే మూట. ఆ మూట పారేసి పరిగెత్తిన కూలీ ఇప్పుడు ప్రకటిత నేరస్థుడు కావచ్చు. అలా ప్రకటించాక కూడా కోర్టుకి రాకపోతే న్యాయ సంహిత సెక్షన్ 209 కింద ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇది గంజాయి కేసు శిక్ష కాదు. కోర్టుకి రానందుకు.

అక్కడితో అయిపోలేదు. సెక్షన్ 356 అని ఒకటి కొత్తగా వచ్చింది. ప్రకటిత నేరస్థుడు విచారణ తప్పించుకోవడానికి పరారీ అయ్యాడు, దగ్గర్లో దొరికే ఆశ లేదు అని కోర్టు అనుకుంటే, చార్జిలు పెట్టిన తొంభై రోజుల తర్వాత అతను లేకుండానే విచారణ నడిపి తీర్పు చెప్పొచ్చు, శిక్ష వెయ్యొచ్చు. పాత చట్టంలో మనిషి లేకుండా సాక్షుల మాటలు రాసుకునే వీలుండేది గానీ తీర్పు చెప్పేసే వీలు లేదు. ఇప్పుడు ఉంది. ఆ తీర్పు మీద అప్పీలు చెయ్యాలంటే ముందు మనిషి వచ్చి కోర్టు ముందు నిలబడాలి. తీర్పు వచ్చి మూడేళ్ళు దాటితే ఆ అప్పీలు కూడా లేదు.

చట్టం రాసినవాళ్ళు విదేశాలకి పారిపోయిన పెద్దవాళ్ళని మనసులో పెట్టుకుని రాశామంటారు. కావచ్చు. కానీ చట్టం విమానం ఎక్కినవాణ్ణి, గుట్ట ఎక్కినవాణ్ణి విడివిడిగా చూడదు. విమానం ఎక్కినవాడికి లాయర్లున్నారు, పేపరు చదివేవాళ్ళున్నారు. గుట్ట ఎక్కినవాడికి ఎవరున్నారు?

చట్టంలో జాగ్రత్తలు లేవని కాదు. ప్రకటనని ఊళ్ళో అందరికీ వినబడేట్టు చదవాలి, ఇంటికి అంటించాలి, కనీసం ముప్పై రోజులు గడువివ్వాలి. మనిషి లేకుండా విచారణ పెట్టాలంటే ముప్పై రోజుల తేడాతో రెండు వారెంట్లు, పేపర్లో ప్రకటన, చుట్టానికో స్నేహితుడికో కబురు, స్టేషన్లో నోటీసు, లాయరు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో లాయరు. కాగితం మీద బాగానే ఉంది. మా వైపు ఇది ఎట్లా జరుగుతుందో ఒక్కటి చెప్తాను.

మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడు, ఇంటర్ మధ్యలో ఆపేశాడు. మూట మోస్తే కూలి ఇస్తామంటే వెళ్ళాడు. ఎదురుగా టార్చిలైట్లు కనబడగానే మూట వదిలేసి పరిగెత్తాడు. ఆ రాత్రి నుంచి ఊళ్ళోకి రాలేదు, ఎక్కడో బిల్డింగు పనిలో ఉన్నాడు. కొన్నాళ్ళకి వాళ్ళ తడికకి ఒక కాగితం అంటించి వెళ్ళారు. ఊళ్ళో చదివి వినిపించినవాళ్ళు లేరు. ఆ తల్లికి తెలుగు కొద్దిగా వస్తుంది, చదవడం రాదు. ఇళ్ళ స్థలం కాగితమేమో అనుకుని జాగ్రత్తగా విప్పి, మడిచి, బియ్యం డబ్బాలో పెట్టింది. వానకి తడవకూడదని. నేను వేరే పని మీద వెళ్తే తీసి చూపించింది. అప్పటికి అందులో రాసిన తేదీ దాటిపోయి పదకొండు రోజులు. ఆ కాగితంలో ఆమె కొడుకు పేరు కూడా తప్పే. బళ్ళో రాయించిన పేరు ఒకటి, వీళ్ళు రాసింది ఇంటిపేరు మార్చి ఇంకొకటి.

చట్టం ప్రకారం నోటీసు అంటించారు. అవును, అంటించారు.

ఇక్కడే "మరికొందరు" అనే మాట ఎంత ప్రమాదమో తెలుస్తుంది. దొరికిన ఇద్దరి దగ్గర కన్ఫెషన్ అని ఒకటి రాయించి, అందులో నాలుగు పేర్లు చేరుస్తారు. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని డిగ్రీ మొదటి ఏడాది చదివినవాడికీ తెలుసు. కానీ పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కాక, ఆ మనిషి భయపడి ఊరు విడిచాక, "పరారీ" అనే ముద్ర దానంతట అదే పడుతుంది. ముందు భయపెట్టడం, తర్వాత భయపడ్డాడు కాబట్టి నేరస్థుడే అనడం. ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆ "మరికొందరు" గడిలోకి ఎవరినైనా కూర్చోబెట్టొచ్చు. గ్రామసభలో గట్టిగా మాట్లాడినవాడు, అటవీ హక్కుల పట్టా కోసం తిరిగినవాడు, ఎవడైనా.

మరి గంజాయి మోసినవాళ్ళని వదిలెయ్యమంటావా అని అడిగేవాళ్ళు ఉంటారు. వద్దు. గంజాయి మన పిల్లల్ని తినేస్తున్నదని మన పేజీలోనే చాలాసార్లు రాశాం. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికినప్పుడు చాలా ఊళ్ళల్లో జనమే స్వయంగా కత్తులు పట్టుకుని వెళ్ళారు. నేను అడిగేది వేరు. మోసినందుకు శిక్ష మోసినందుకే పడాలి, భయపడినందుకు ఇంకో ఏడేళ్ళు పడకూడదు. మూట కొన్న సేటు పేరు చార్జిషీటులో ఎప్పుడూ కనబడదు, అతను పరారీ కూడా కాడు. అతన్ని ఎవరూ తరమలేదు కదా.

ఇంకోవైపు, మనవాళ్ళతో కూడా కొంచెం గొడవ పడాలి. "కేసు అయితే రెండేళ్ళు బయట ఉండిరా, చల్లబడుతుంది" అని పెద్దవాళ్ళు సలహా ఇస్తారు. ఆ సలహా పాత చట్టం రోజుల్లో ఎంతో కొంత నడిచింది. ఇప్పుడు నడవదు. ఇప్పుడు రెండేళ్ళు బయట ఉంటే తిరిగొచ్చేసరికి తీర్పు అయిపోయి ఉండొచ్చు, అప్పీలు గడువులో సగానికి పైగా కరిగిపోయి ఉండొచ్చు. టార్చిలైటు చూసి పరిగెత్తిన రాత్రి వేరు. ఆ రాత్రి నేను నిన్ను తప్పు పట్టను తమ్ముడూ. కానీ పరిగెత్తి ఊపిరి తీసుకున్న తర్వాతి వారం వేరు. ఆ వారంలో లాయరు దగ్గరికి వెళ్ళాలి. ఒంటరిగా స్టేషన్‌కి వెళ్ళొద్దు, లాయరుతో కోర్టుకి వెళ్ళు.

బెయిలు మీద వచ్చినవాళ్ళకీ ఇదే. వాయిదా తప్పితే నాన్‌బెయిలబుల్ వారెంటు, దాని మీద సెక్షన్ 269 కింద ఏడాది దాకా జైలు. ముంచింగిపుట్టు కొండల నుంచి విశాఖ కోర్టుకి నూటయాభై కిలోమీటర్లకు పైనే. ముందురోజే బయల్దేరాలి, రెండు రోజుల కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అప్పు చెయ్యాలి. నేరం చేసినవాడు కాదు, బస్సు తప్పినవాడు పరారీ అవుతున్నాడు మన దగ్గర. ప్రయాణం చెయ్యలేకపోతే ఆ పొద్దునే లాయరుకి ఫోన్ చేసి గైర్హాజరు పిటిషన్ వేయించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం వారెంట్లు దీనివల్లే అని నాకు అనిపిస్తుంది.

లాయరుకి డబ్బుల్లేవు అనొద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేదు, ఉచిత లాయరు మన హక్కు. 15100కి ఫోన్ చెయ్యొచ్చు. ఇచ్చిన లాయరు మాట్లాడకపోతే మార్చమని అడగొచ్చు, అదీ హక్కే.

మన డిమాండ్ల విషయానికొస్తే, ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఏ పరారీ ప్రకటన అయినా గ్రామసభలో, ఆ ఊరి భాషలో చదివి, సర్పంచి సంతకం కాదు, సభ తీర్మానం తీసుకున్నాకే చెల్లాలి. చట్టం "ఊళ్ళో చదవాలి" అని ఇప్పటికే అంటున్నది, కాబట్టి మనం కొత్తగా అడిగేది పెద్దగా ఏమీ లేదు, ఎట్లా చదవాలో చెప్పమంటున్నాం. రెండోది, మన ప్రాంతంలో ఎవరి మీదైనా 356 కింద విచారణ మొదలుపెట్టే ముందు ఆ నోటీసు నిజంగా చేరిందా అని కోర్టు ఊరివాళ్ళని విచారించాలి, కానిస్టేబుల్ రిపోర్టు ఒక్కటే చాలదు. ఇవి రాసి ఐటీడీఏ పీవోకి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఇస్తున్నాం. సంతకాల కాగితం కామెంట్లలో పెడతాను.

అప్పటిదాకా ఊరికి ఒక్కరు, చదవడం వచ్చినవాళ్ళు, ఈ పని తీసుకోండి. నెలకోసారి స్టేషన్ నోటీసు బోర్డు ఫోటో తియ్యండి. ఊళ్ళో ఏ తడిక మీద కాగితం కనబడినా ఆగి చదవండి. పేరు, కేసు నంబరు, కోర్టు పేరు, హాజరు కావాల్సిన తేదీ, ఈ నాలుగూ రాసుకుని మా నంబరుకి పంపండి. అమ్మలకి చెప్పండి, గోడకి అంటించిన కాగితం ఏదైనా సరే బియ్యం డబ్బాలో పెట్టే ముందు ఒకరికి చూపించమని.